ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వకండి: వీఎం నెట్‌వర్క్ వేగానికి కొన్ని ఎదురు సలహాలు

సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే కొన్ని పాఠాలు ఒంటబడతాయి. ప్రాసెసర్ వాడకం నూటికి నూరు చూపిస్తే ఎక్కడో తేడా కొట్టినట్టు. పని లేనప్పుడు యంత్రం విశ్రాంతి తీసుకోవాలి. ఒక్క యంత్రంలో ఎన్ని వీఎంలు (వర్చువల్ మెషీన్లు) ఇరికిస్తే అంత లాభం. సగటు బాగుంటే సర్వీసు బాగున్నట్టే. వీఎంలోకి ప్యాకెట్ వచ్చి జవాబు తిరిగి వెళ్లేదాకా పట్టే సమయం, అంటే లేటెన్సీ, నిజంగా తగ్గాలనుకునేవాళ్లు ఈ నాలుగు పాఠాలనూ పక్కన పెట్టాలి. ఇక్కడ ఇస్తున్న సలహాలు వాటికి పూర్తిగా ఎదురు. మొండివి, ఖర్చుతో కూడుకున్నవి, మంచి నిర్వాహకులు వినగానే వద్దనేవి. వాటినే పాటించమంటున్నాను.

ముందు ప్యాకెట్ వచ్చే దారి చూడాలి. కేవీఎం మీద నడిచే మామూలు లినక్స్ వీఎంనే తీసుకుందాం. వీఎంను మోసే అసలు యంత్రం హోస్ట్, లోపల నడిచే వీఎం గెస్ట్. బయటి నుంచి ప్యాకెట్ హోస్ట్ నెట్‌వర్క్ కార్డుకు చేరుతుంది, కార్డు ఇంటరప్ట్ కొడుతుంది. ఆ క్షణాన హోస్ట్ కోర్ లోతైన నిద్రలో ఉంటే ముందు అది లేవాలి. లేచాక హోస్ట్ కెర్నెల్ ప్యాకెట్‌ను బ్రిడ్జి దాటించి, ట్యాప్ అనే వర్చువల్ కార్డు దాకా తెస్తుంది. అక్కడ ప్యాకెట్లను గెస్ట్‌కు చేర్చే వీహోస్ట్ థ్రెడ్ పడుకుని ఉంటుంది. దాన్ని లేపాలి, షెడ్యూలర్ దానికో కోర్ చూపించాలి. వీహోస్ట్ ఆ ప్యాకెట్‌ను గెస్ట్ మెమరీలోకి కాపీ చేసి గెస్ట్‌కు ఇంటరప్ట్ పంపుతుంది. గెస్ట్ వర్చువల్ ప్రాసెసర్, అంటే వీసీపీయూ, పని లేక హాల్ట్ అయి ఉంటే, హోస్ట్ లెక్కలో అదీ ఒక థ్రెడ్డే కాబట్టి, దాన్నీ లేపి మళ్లీ గెస్ట్‌లోకి దింపాలి. చివరికి గెస్ట్ కెర్నెల్ టీసీపీ పని ముగించి, రీడ్ దగ్గర ఆగి ఉన్న మీ అప్లికేషన్‌ను లేపుతుంది. మొత్తం నాలుగు నిద్రలు, నాలుగు మేల్కొలుపులు. లోడ్ తక్కువగా ఉన్న వీఎంలో చిన్న ప్యాకెట్ ఆలస్యమైందంటే అందులో పెద్ద వాటా ఈ లేపడాలదే. కాపీ చేయడం, హెడర్ చదవడం లాంటి అసలు పనికి పట్టేది కొద్ది సమయమే.

చాలామందిని తికమక పెట్టే ఒక సంగతికి జవాబు ఇక్కడే ఉంది. సర్వర్ మీద లోడే లేదు, అర్ధరాత్రి, అంతా ఖాళీ. అయినా జవాబులు పగటికంటే నెమ్మదిగా వస్తుంటాయి. పెద్ద యంత్రం కావాలని అడుగుతారు, తెచ్చి పెడతారు, ఇంకా నెమ్మదవుతుంది. కోర్లు పెరిగిన కొద్దీ ఒక్కో కోర్‌కు పని పలచబడుతుంది, ఒక్కొక్కటీ మరింత లోతుగా నిద్రపోతుంది. ఖాళీగా ఉన్న యంత్రమే వేగమైన యంత్రమన్న నమ్మకం వల్ల వృథా అయిన డబ్బు చూసే నేనీ సలహాలు రాయాలనుకున్నాను.

ఈ నిద్రలకు విరుగుడు పోలింగ్, అంటే ఎవరో లేపేదాకా ఆగకుండా ప్యాకెట్ వచ్చిందా అని తనే చూస్తూ ఉండటం. ఇది కొత్త ఆలోచన కాదు. ప్యాకెట్లు ముంచెత్తినప్పుడు ఇంటరప్ట్‌లతోనే కెర్నెల్ ఊపిరాడక, అసలు పని ఒక్కటీ ముందుకు సాగని స్థితిని 1996లో జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ ఒక పరిశోధన పత్రంలో వివరించారు. లోడ్ పెరిగినప్పుడు ఇంటరప్ట్ ఆపి పోలింగ్‌కు మారాలన్నది వాళ్లు చూపిన దారి. 2001లో జమాల్ హాది సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ వివరించిన న్యాపీ పద్ధతితో లినక్స్ కూడా ఆ దారి పట్టింది. మొదటి ప్యాకెట్‌కు ఇంటరప్ట్ వస్తుంది, ఆపైన డ్రైవర్ ఇంటరప్ట్ మూసేసి, మామూలుగా విడతకు 64 ప్యాకెట్ల దాకా క్యూలోంచి తనే తీసుకుంటుంది. అంటే పని ఎక్కువైనప్పుడు పోలింగ్ చేయడం పాతికేళ్లుగా అందరూ ఒప్పుకున్న తెలివే. పని లేనప్పుడు కూడా పోలింగ్ చేయమనడమే వెర్రిగా వినిపిస్తుంది. నేను చేయమనేది అదే.

గెస్ట్ లోపలి నుంచి మొదలుపెట్టండి. 2013లో 3.11 కెర్నెల్‌తో సాకెట్ బిజీ పోలింగ్ వచ్చింది. ఇంటెల్‌లో ఎలియెజర్ తామిర్ రాసిన పని అది. రీడ్ పిలిచిన థ్రెడ్‌కు డేటా దొరక్కపోతే పడుకోకుండా, అదే నేరుగా డ్రైవర్ క్యూలోకి వెళ్లి ప్యాకెట్ వచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు గదిలోకి వెళ్లి పడుకోకుండా గిన్నె పక్కనే నిలబడి చూస్తున్నట్టు. రెండు మీటలున్నాయి: రీడ్‌లకు బిజీ_రీడ్, పోల్, సెలెక్ట్‌లకు బిజీ_పోల్. రెండూ మొదట సున్నా మీద, అంటే ఆపేసి ఉంటాయి. కొద్ది సాకెట్లయితే 50 మైక్రోసెకన్లు, వందల్లో ఉంటే 100 పెట్టమని కెర్నెల్ పత్రాలే చెబుతాయి. అంతకు మించితే ఎపోల్ వాడటం మేలు. యంత్రమంతటికీ పెట్టడం ఇష్టం లేకపోతే ఎస్ఓ_బిజీ_పోల్ ఆప్షన్‌తో ఆ ఒక్క సాకెట్‌కే పెట్టుకోవచ్చు, కెర్నెల్ పత్రాలు కోరుకునేదీ ఈ దారినే. కరెంటు వాడకం పెరుగుతుందని కూడా ఆ పత్రాల్లోనే రాసి ఉంటుంది. పెరగనివ్వండి.

చేత్తో ఇన్ని మార్చడం కష్టమనుకునేవాళ్లకు రెడ్ హ్యాట్ తెచ్చిన ట్యూన్డ్‌లో నెట్‌వర్క్-లేటెన్సీ అనే ప్రొఫైల్ ఉంది. ఈ రెండు మీటలనూ 50కి పెట్టేస్తుంది, కోర్లను లోతైన నిద్రల నుంచీ ఆపుతుంది. మొదలుపెట్టడానికి అది చాలు, అక్కడితో ఆగకండి.

గెస్ట్‌లో పోలింగ్ పెట్టి ఫలితం కనబడలేదని వదిలేసేవాళ్లు చాలామంది. గెస్ట్ మేలుకుని ఉన్నా వీహోస్ట్ పడుకుని ఉంటే గెస్ట్ చూసేది ఖాళీ క్యూనే. అందుకే హోస్ట్ పక్కన కూడా ఇదే చేయాలి. 2016లో 4.6 కెర్నెల్‌తో వీహోస్ట్-నెట్‌లోకి జేసన్ వాంగ్ రాసిన బిజీ పోలింగ్ వచ్చింది. క్యూఈఎంయూలో ట్యాప్ నెట్‌డెవ్‌కు పోల్-యూఎస్ అని విలువ ఇస్తే, చేతిలో పని అయిపోయాక కూడా వీహోస్ట్ థ్రెడ్ అన్ని మైక్రోసెకన్లపాటు క్యూలనూ సాకెట్‌నూ చూస్తూ ఉంటుంది. దీనికి ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. వీహోస్ట్ చూస్తున్నంతసేపూ గెస్ట్ తనకు కబురు పంపనక్కర్లేదని చెప్పి ఉంచుతుంది. గెస్ట్ ప్యాకెట్ పంపాలనుకున్నప్పుడు ఆ కబురు, అంటే కిక్, ఇవ్వదు. కిక్ లేకపోతే గెస్ట్ నుంచి హోస్ట్‌లోకి బయటపడే వీఎం ఎగ్జిట్ ఉండదు. రెండు పక్కలా ఇద్దరూ మేలుకుని ఉంటే మధ్యలో పంచుకున్న మెమరీ మీదే పని నడిచిపోతుంది, ఎవరూ ఎవరినీ తట్టి లేపరు.

ఇక వీసీపీయూ సంగతి. గెస్ట్ హాల్ట్ అనగానే కేవీఎం వెంటనే దాన్ని పడుకోబెట్టకుండా కాసేపు ఎదురుచూసే ఏర్పాటు 2015 నుంచి ఉంది. హాల్ట్_పోల్_ఎన్ఎస్ అని పిలుస్తారు. ఎక్స్86 యంత్రాల్లో దీని పరిమితి 2,00,000 నానోసెకన్లు, అంటే 200 మైక్రోసెకన్లు. మేల్కొలుపులు త్వరత్వరగా వస్తుంటే 10 మైక్రోసెకన్ల నుంచి మొదలై రెట్టింపవుతూ ఆ పరిమితి దాకా పోతుంది, రాకపోతే తగ్గుతుంది. ఇది తనంతట తనే సర్దుకుంటుంది కాబట్టి వదిలేయమంటారు. వదిలేయకండి. సర్దుబాటు గతాన్ని చూసి జరుగుతుంది, అసలు ప్యాకెట్ మాత్రం నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. షేర్ మార్కెట్ ఉదయం 9:15కి తెరుచుకునే క్షణాన్ని తలచుకోండి. అంతవరకూ పెద్దగా కదలిక ఉండదు, సర్దుబాటు తగ్గిపోయి ఉంటుంది, మీరు ఏ ప్యాకెట్ కోసం ఇదంతా చేశారో ఆ ప్యాకెట్ సరిగ్గా అప్పుడే నిద్రపోతున్న యంత్రం తలుపు తడుతుంది.

అందుకని ఎదురుచూపును గెస్ట్‌లోకే తెచ్చుకోండి. 2019లో 5.4 కెర్నెల్‌తో మార్సెలో తొసాట్టి రాసిన హాల్ట్‌పోల్ డ్రైవర్ వచ్చింది. హాల్ట్ అనే ముందు గెస్టే 200 మైక్రోసెకన్ల దాకా చూస్తుంది. ఇద్దరూ ఒకే పని చేయకుండా, నీ ఎదురుచూపు ఆపెయ్యమని హోస్ట్‌కు కూడా చెబుతుంది. గెస్ట్ లోపలే ఉండి చూడటంలో ఎగ్జిట్ ఖర్చు కూడా తప్పుతుంది. అదీ చాలనివాళ్లకు బూట్ లైనులో ఐడిల్=పోల్ ఉంది. దాన్ని పెడితే గెస్ట్ హాల్ట్ అనే మాటే అనదు. హోస్ట్ నుంచి చూస్తే ఆ వీసీపీయూ ఇరవై నాలుగు గంటలూ నూటికి నూరు. లేటెన్సీయే ప్రాణమైన వీఎంకు నేను ఇదే పెట్టమంటాను.

అడుగున హోస్ట్ కోర్ నిద్ర ఒకటి మిగిలింది. లినక్స్ ఇంటెల్_ఐడిల్ డ్రైవర్ పట్టికలో స్కైలేక్ సర్వర్ ప్రాసెసర్‌కు సీ1 అనే తేలిక నిద్ర నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ1ఈ నుంచి 10, లోతైన సీ6 నుంచి 133 అని రాసి ఉంటుంది. పైన గెస్ట్‌లో 50 మైక్రోసెకన్లు పొదుపు చేసి కింద 133 పోగొట్టుకుంటే ఏం మిగులుతుంది? డెవ్ కింద సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ అనే ఫైలు తెరిచి అందులో సున్నా రాయండి. రాసిన ప్రోగ్రామ్ ఫైలు మూయకుండా పట్టుకునే ఉండాలి. మూసిన మరుక్షణం కెర్నెల్ ఆ కోరికను కొట్టేస్తుంది. స్క్రిప్టులో ఒక్క లైనుతో రాసేసి, అది ముగియగానే ఫైలు మూసుకుపోయి, పని జరుగుతోందనుకుని నెలలు గడిపే బృందాలు ఉంటాయి.

హోస్ట్ కార్డులో ఇంటరప్ట్ కోలెసింగ్‌ను కూడా తీసేయండి. ప్యాకెట్లు పోగయ్యాక ఒక్క ఇంటరప్ట్ కొడదామని కార్డు కొన్ని మైక్రోసెకన్లు ఆగుతుంది. ఈథ్‌టూల్‌తో ఆర్ఎక్స్-యూసెక్స్ సున్నా చేసి, అడాప్టివ్ ఆపండి. వరద వచ్చినప్పుడు న్యాపీ చూసుకుంటుంది.

పైన చెప్పినవన్నీ మీటలు తిప్పడమే. అసలు కష్టమైన సలహా ఇది: యంత్రం నిండా వీఎంలు పెట్టకండి. పోలింగ్‌కు ఒక స్వభావం ఉంది. ఎదురుచూస్తున్న థ్రెడ్ కూడా కోర్‌ను తింటూనే ఉంటుంది. ఒకే కోర్ మీద వీసీపీయూ, వీహోస్ట్ థ్రెడ్ రెండూ ఉండి, వీసీపీయూ ప్యాకెట్ కోసం కోర్‌ను పట్టుకుని తిరుగుతుంటే, ఆ ప్యాకెట్‌ను తెచ్చిపెట్టాల్సిన వీహోస్ట్‌కు కోర్ దొరకదు. ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో వాళ్లనే అడ్డుకోవడం అది. ఈ గొడవ రాకుండా కెర్నెల్ కొన్ని జాగ్రత్తలు తీసుకుంది. అదే కోర్ మీద ఇంకో పని సిద్ధంగా ఉంటే కేవీఎం హాల్ట్ పోలింగ్ చేయదు, వీహోస్ట్ కూడా చూడటం ఆపేసి దారి ఇస్తుంది. కాబట్టి వీఎంలు కిక్కిరిసిన హోస్ట్ మీద ఆ విలువలు కాగితం మీదే ఉంటాయి, గెస్ట్ లోపలి పోలింగ్ మాత్రం పక్క వీఎంల సమయాన్ని తింటూ పోతుంది. ఈ సలహాలను సగం పాటించడం కంటే అసలు పాటించకపోవడం మేలు. పాటిస్తే ఇలా పాటించండి: ప్రతి వీసీపీయూకు ఒక కోర్ రాసివ్వండి, వీహోస్ట్ థ్రెడ్‌కు వేరే కోర్ ఇవ్వండి, అన్నీ నెట్‌వర్క్ కార్డు ఉన్న ప్రాసెసర్ సాకెట్ వైపే, ఒకే న్యూమా నోడ్‌లో ఉండేలా చూడండి. హైపర్‌థ్రెడింగ్ ఉంటే తిరుగుతున్న థ్రెడ్ జంటను ఖాళీగా వదిలేయండి. స్కైలేక్‌తో, తిరిగేటప్పుడు వాడే పాజ్ సూచన దాదాపు 10 సైకిళ్ల నుంచి 140 దాకా పెరగడం వల్ల జంట థ్రెడ్ మీద భారం తగ్గిందనే వాదన ఉంది. తగ్గింది, పోలేదు. కోర్లన్నీ తిరుగుతుంటే టర్బోకు మిగిలే వేడి హద్దు కూడా తగ్గుతుంది. అందుకే తిరిగే కోర్లు కొద్దిగా ఉండాలి, అవి పూర్తిగా మీవై ఉండాలి.

ఇలా చేస్తే ఇరవై వీఎంలు పట్టే యంత్రంలో నాలుగే పట్టొచ్చు. లెక్కలు చూసేవాళ్లు ఒప్పుకోరు. వాళ్ల ముందు పెట్టాల్సింది ఈ లెక్క. ఒక పేజీ తయారుకావడానికి మీ అప్లికేషన్ వరసగా 200 సార్లు క్యాష్‌ను అడుగుతుందనుకోండి. ఒక్కో పిలుపులో 50 మైక్రోసెకన్లు మిగిలితే పేజీకి 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా వచ్చే లాభం అది.

సీపీయూ గ్రాఫును చూడటం మానేయండి. పోలింగ్ పెట్టాక అది ఏమీ చెప్పదు, ఖాళీగా తిరిగినా నిండా పని చేసినా ఒకే గీత. పాత అలారాలు తీసేయకపోతే అర్ధరాత్రి ఎవరో ఒకరు లేచి బాగున్న సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. సీపీయూ వాడకాన్ని బట్టి వీఎంల సంఖ్య పెంచే ఆటోస్కేలింగ్ ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. తిరగడాన్ని లోడ్ అనుకుని అది కొత్త వీఎంలు తెస్తుంది, అవీ తిరగడం మొదలుపెడతాయి. స్కేలింగ్‌ను జవాబు సమయం మీదికో, క్యూలో ఆగిన అభ్యర్థనల లెక్క మీదికో మార్చాకే పోలింగ్‌ను ముట్టుకోండి.

సగటును కూడా నమ్మకండి. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. ఒక సర్వర్ నూటికి ఒక్కసారే సెకండు దాటి జవాబిస్తుంది. ఒక అభ్యర్థన అలాంటి వంద సర్వర్ల జవాబు కోసం ఆగాల్సివస్తే నూటికి 63 అభ్యర్థనలు సెకండు దాటతాయి. ఒక్క సర్వర్ సగటు చూసుకునేవాడికి ఈ 63 కనబడదు. నూటికి ఒకటి, వెయ్యికి ఒకటి వచ్చే చెడ్డ జవాబులనే చూడండి. నిద్ర వల్ల వచ్చే ఆలస్యం కూడా అందరికీ సమానంగా పంచబడదు, ఆ కొద్దిమంది మీదే పడుతుంది.

పోలింగ్ పని చేస్తోందో లేదో ఊహించనక్కర్లేదు. గెస్ట్‌లో ఎన్‌స్టాట్ నడిపితే బిజీపోల్ఆర్ఎక్స్‌ప్యాకెట్స్ అనే లెక్క పెరుగుతూ ఉండాలి. పెరగకపోతే మీ సెట్టింగ్ ఎక్కడో తెగింది. హోస్ట్‌లో డీబగ్‌ఎఫ్ఎస్ కింద కేవీఎం లెక్కల్లో ప్రయత్నించిన హాల్ట్ పోలింగ్‌లు ఎన్ని, ఫలించినవి ఎన్ని అని కనబడుతుంది. గెస్ట్‌లో స్టీల్ సమయం, అంటే కోర్ దొరక్క గెస్ట్ ఆగిన సమయం, సున్నాకు దగ్గరగా లేకపోతే మీకు రాసిచ్చిన కోర్ మీది కాదన్నమాట.

కొన్నిచోట్ల నా మొండితనం కూడా ఆగుతుంది. హైదరాబాద్, ముంబై మధ్య గాలి దారిలో సుమారు 620 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు కావాలి. కేబుల్ సూటిగా వేశారనుకున్నా రానుపోను 6 మిల్లీసెకన్లకు పైనే. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచాక అప్లికేషన్‌ను ఇక్కడికి తెచ్చి, డేటాబేస్‌ను ముంబైలోనే ఉంచినవాళ్లు ముందు ఆ డేటాబేస్‌ను దగ్గరికి తెచ్చుకోవాలి. 6,000 మైక్రోసెకన్ల దారిలో 50 మిగిల్చి ప్రయోజనం లేదు. క్రెడిట్ల మీద నడిచే చవక వీఎంలలోనూ పోలింగ్ పెట్టకండి. క్రెడిట్లన్నీ ఎదురుచూపులోనే కరిగిపోయి, పని వచ్చేసరికి వేగం పడిపోతుంది. పెద్ద ఫైళ్లు కాపీ చేసే యంత్రాలకూ ఇది అక్కర్లేదు. క్లౌడ్‌లో హోస్ట్ మీ చేతిలో ఉండదు కాబట్టి గెస్ట్ వైపు మీటలే మీవి. వీఎంకు నేరుగా ఎస్ఆర్-ఐఓవీ కార్డు ముక్క ఇచ్చే చోట వీహోస్ట్ మధ్యలో ఉండదు, గెస్ట్ పోలింగ్ ఒక్కటే చాలావరకు పని చేస్తుంది.

పూర్తిగా తిరగడానికీ పూర్తిగా పడుకోవడానికీ మధ్య దారులు కూడా వస్తున్నాయి. 2021లో 5.11తో బియోర్న్ టోపెల్ రాసిన ప్రిఫర్ బిజీ పోల్ వచ్చింది. అప్లికేషన్ చూస్తూ ఉన్నంతకాలం ఇంటరప్ట్ వాయిదా పడుతూ ఉంటుంది. 2025 జనవరిలో వచ్చిన 6.13తో జో డమాటో, మార్టిన్ కార్స్టెన్ ఇంటరప్ట్ సస్పెన్షన్ తెచ్చారు. ఎపోల్‌కు పని దొరుకుతున్నంతసేపూ ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి, పని ఆగితే మళ్లీ మొదలవుతాయి. రోజంతా లోడ్ ఉండే వెబ్ సర్వర్లకు అదే మంచిదని ఒప్పుకుంటాను, కరెంటు ఆదా అవుతుంది. నిశ్శబ్దం తర్వాత వచ్చే మొదటి ప్యాకెట్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ ప్యాకెట్‌కు మేలుకుని ఉన్న కోర్ కావాలి, ఆ కోర్‌కు కరెంటు ఖర్చవుతుంది, ఆ ఖర్చును సర్వీసు ధరలో ముందే కలిపి రాసుకోవాలి.

ఈ వారమే ఒక్క వీఎం ఎంచుకోండి. ఏమీ మార్చకముందు నెట్‌పెర్ఫ్‌తో ఒక బైటు టీసీపీ_ఆర్ఆర్ పది నిమిషాలు నడిపి, నూటికి ఒకటి వచ్చే చెడ్డ జవాబు ఎంత ఆలస్యమో రాసుకోండి. తర్వాత గెస్ట్‌లో 50, వీహోస్ట్‌లో 50, కోర్లు విడివిడిగా, కింద సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ సున్నా. ఒక్కొక్కటే మార్చి మళ్లీ కొలవండి. ఏ మార్పు దగ్గర అంకె ఎక్కువగా పడిందో మీ యంత్రంలో అక్కడే నిద్ర ఎక్కువ.